అందరినీ ఆటపట్టించి, తనను ఒక్క మాటంటే ఉడుక్కునే మనిషితో మెలగడం ఎలా?

"మా బాబాయి ఇంటికి వచ్చిన ప్రతివారినీ ఏదో ఒకటి అని నవ్విస్తాడు, కానీ ఆయన బట్టతల మీద మా తమ్ముడు ఒక్క మాట అనేసరికి విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు" అని ఒకరు అడుగుతారు. "మా ఆఫీసులో ఒకాయన అందరి పనికీ వంకలు పెడతాడు, ఆయన పనిలో ఒక తప్పు చూపిస్తే వారం రోజులు ముఖం చాటేస్తాడు" అని మరొకరు అడుగుతారు. మనుషులు వేరు, ఊళ్లు వేరు, ప్రశ్న మాత్రం ఒకటే కాబట్టి, ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వచ్చిన మాటలను ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను.

ఈ పద్ధతి ఆ మనిషిని నలుగురిలో ఓడించడానికి పనికిరాదని ముందే చెబుతున్నాను. పెళ్లిలో చదివింపులు రాసే పుస్తకం మీరు చూసే ఉంటారు. ఎవరు ఎంత చదివించారో పేరు పేరునా రాసుకొని, వాళ్లింట్లో శుభకార్యం జరిగినప్పుడు ఆ లెక్క చూసుకొని తిరిగి చదివిస్తారు. పరాచికం కూడా అటువంటి ఇచ్చిపుచ్చుకోలే. వియ్యాలవారిని ఆటపట్టించే పెళ్లి పాటలు మన ఇళ్లలో ఇన్ని తరాలు చెల్లుబాటు కావడానికి కారణం, ఒక పక్షం పాడితే రెండో పక్షం అందుకొని బదులు పాడగలగడమే. తిరుగు చదివింపు పుచ్చుకోనని భీష్మించే మనిషి తాను చదివించడం కూడా మానుకోవాలి. మాట పడడమో, మాట అనకపోవడమో, ఈ రెండింటిలో ఒకదాన్ని ఆ మనిషి ఎంచుకొనేటట్టు చేయడమే మన పని.

కావలసినవి

• ఒక చిన్న నోటుపుస్తకం కావాలి. ఫోనులో రాసుకున్నా ఫరవాలేదు కానీ, ఇంట్లో ఇతరులు మీ ఫోను తీసి చూసే అలవాటు ఉంటే కాగితమే మేలు.
• రెండు వారాల ఓపిక కావాలి. ఈ రెండు వారాల్లో మీరు ఏమీ మార్చరు, గమనిస్తారు.
• ఆ మనిషికీ మీకూ ఇద్దరికీ తెలిసిన, మాట బయట పెట్టని ఒక్కరు కావాలి. మీ వైపే మాట్లాడే స్నేహితుడు దీనికి పనికిరాడు.
• ముందుగా అనుకొని, నోటికి అలవాటు చేసుకున్న రెండు మూడు వాక్యాలు కావాలి. అవి ఏమిటో 5వ మెట్టులో చెబుతాను.

హెచ్చరిక: ఈ పద్ధతి ఎక్కడ వాడకూడదు

కులం పేరుతో దూషించడం, ఆడవారి శరీరం గురించి రోత మాటలనడం, కొత్తగా చేరిన విద్యార్థిని సీనియర్లు ఏడిపించడం, ఇంట్లో మాటతో మొదలై చెయ్యి లేచేదాకా వెళ్లడం, వీటిని "ఉడుక్కునే స్వభావం" అన్న గంపలో వేయకండి. వీటికి చట్టాలున్నాయి. పదిమంది అంతకు మించి పనిచేసే ప్రతి చోటా 2013 నాటి చట్టం ప్రకారం లైంగిక వేధింపుల మీద ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, ఘటన జరిగిన 3 నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. కాలేజీలో అయితే ర్యాగింగ్ వ్యతిరేక సహాయ కేంద్రం 1800-180-5522 నంబరులో రాత్రీ పగలూ పలుకుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం విద్యార్థిని ఆటపట్టించి అవమానించడాన్ని సైతం నేరంగానే చూసింది. అటువంటి చోట నోటుపుస్తకం పట్టుకొని రెండు వారాలు ఆగనక్కర్లేదు.

మెట్టు 1: అది ఏ రకం మాటో తేల్చుకోండి

తెలుగులో ఈ మాటలకు చాలా పేర్లు ఉన్నాయి, అవి ఒకటి కావు. పరాచికం అంటే అన్నవారూ పడ్డవారూ ఇద్దరూ నవ్వేది. ఎత్తిపొడుపు అంటే నవ్వు పైపూతగా ఉండి లోపల పాత కక్ష ఉండేది. వెక్కిరింపు అంటే మనిషి రూపాన్నో మాటనో అనుకరించి చిన్నబుచ్చేది. విమర్శ అంటే చేసిన పనిలో తప్పు చూపేది, అది ఎంత కటువుగా ఉన్నా పని గురించే ఉంటుంది.

తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. అన్న మాట మీరు ఐదు నిమిషాల్లో మార్చుకోగల విషయం గురించా, మార్చుకోలేని విషయం గురించా అని చూడండి. చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నారని నవ్వితే మీరూ నవ్వి సరిచేసుకుంటారు. ఒంటి రంగు, పొట్టితనం, పిల్లలు లేకపోవడం, పెళ్లి ఆలస్యం కావడం, పరీక్ష తప్పడం, మాట్లాడే యాస, ఇవి ఐదు నిమిషాల్లో మారేవి కావు. రెండో జాబితాలోని మాటలకు 4వ మెట్టు వదిలేసి నేరుగా 5వ మెట్టుకు వెళ్లండి.

మెట్టు 2: రెండు వారాలు రాసుకోండి

ప్రతిసారీ ఐదు విషయాలు రాయండి: తేదీ, చోటు, అన్న మాట ఉన్నది ఉన్నట్టుగా, అప్పుడు చుట్టూ ఎవరున్నారు, మీరేం చేశారు. "నన్ను అవమానించాడు" అని రాస్తే దానివల్ల ఉపయోగం లేదు. "నీ రిపోర్టు వచ్చేలోపు సంక్రాంతి వచ్చేటట్టుంది అన్నాడు, క్యాంటీనులో, నలుగురున్నారు, నేను ఊరికే నవ్వాను" అని రాస్తే తరవాత పనికొస్తుంది.

రెండో పేజీ ఇంకా ముఖ్యం, అందరూ మరచిపోయేది కూడా అదే. ఈ రెండు వారాల్లో ఇతరులు ఆ మనిషిని ఏమైనా అన్నప్పుడు ఆ మనిషి ఏం చేశాడో అక్కడ రాయండి. ఉడుకు అన్నిచోట్లా అరుపుగానే బయటపడదు. కొందరు మూతి ముడుచుకొని పక్క గదిలోకి వెళ్తారు. కొందరు అక్కడికక్కడ పదేళ్ల నాటి సంగతి తవ్వి తీస్తారు. కొందరు "పెద్దంతరం చిన్నంతరం లేదా" అని వయసును అడ్డం పెట్టుకుంటారు. ఇంకొందరు అప్పుడు నవ్వేసి, సాయంత్రం మీ అమ్మగారికి ఫోన్ చేసి మీ పెంపకం గురించి ప్రస్తావిస్తారు. ఏ రకమో తెలిస్తే 6వ మెట్టులో మీ మాటల్ని దానికి తగినట్టు అమర్చుకోవచ్చు.

రెండు వారాల్లో మూడుసార్లు కూడా జరగకపోతే పుస్తకం మూసేయండి. ఒక్క సంఘటన మనసులో తిరుగుతూ నలభై సంఘటనలైనట్టు అనిపించడం మనందరికీ జరుగుతుంది.

మెట్టు 3: మీ పేజీ కూడా ఒకటి రాయండి

ఈ మెట్టు దాటేసిన వారే మళ్లీ వచ్చి "మీరు చెప్పింది పనిచేయలేదు" అంటారు. గురివింద గింజకు తన కింది నలుపు కనబడదన్న సామెత మనం ఎప్పుడూ పక్కవారి మీదనే వాడతాం. అదే రెండు వారాల్లో మీరు ఎవరిని ఏమన్నారో, వాళ్లు నవ్వారో నవ్వినట్టు నటించారో రాయండి. నమ్మకస్తుడైన ఆ ఒక్కరిని పిలిచి, "నేను కూడా ఆయన్ని ఇలాగే అంటుంటానా? నన్ను అంటే నేనెలా ఉంటాను?" అని అడగండి. అడిగిన తరవాత జవాబుకు జవాబు చెప్పకండి. చెప్పారంటే మీ పరీక్షలో మీరే తప్పినట్టు.

నేను ఈ పని చేసినప్పుడు తేలిన సంగతి చెబుతాను. హాస్టలు గదిలో గోదావరి జిల్లా మిత్రుడొకడి "ఆయ్" అనే పలుకును నేను ఏడాది పాటు అనుకరించాను. అతను ఒకే ఒక్కసారి నా చేతిరాత చూసి "మందుల చీటీ రాస్తున్నావా" అన్నందుకు నేను రెండు రోజులు అతనితో టిఫినుకు వెళ్లలేదు. ఆ సంగతి నాకు గుర్తే లేదు, అతనికి తేదీతో సహా గుర్తుంది.

మెట్టు 4: చిన్న తిరుగు పరాచికంతో పరీక్షించండి

ఆ మనిషి నిజంగానే ఏ మాటా పడలేడా, లేక కొన్ని విషయాల్లో మాత్రమేనా అన్నది ఇక్కడ తేలుతుంది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుణ్ణి గుర్తుచేసుకోండి. అవధాని ఏకాగ్రతతో పద్యం కడుతుంటే, అతను సంబంధం లేని కొంటె ప్రశ్న వేస్తాడు. మంచి అవధాని చిరునవ్వుతో ఒక్క వాక్యం విసిరి మళ్లీ తన పద్యంలోకి వెళ్లిపోతాడు. మీ తిరుగు మాట కూడా అలాగే ఒక్క వాక్యంలో, నవ్వు ముఖంతో ఉండి, వెంటనే పాత విషయంలోకి వచ్చేయాలి.

విషయం ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. అందరికీ తెలిసిన, ఆ మనిషే ఎప్పుడో ఒకసారి తన గురించి చెప్పుకొని నవ్విన విషయం తీసుకోండి. కళ్లజోడు ఎక్కడో పెట్టి మరచిపోవడం, చెప్పిన కథే మళ్లీ చెప్పడం, పది నిమిషాల్లో వస్తానని గంటకు రావడం వంటివి సరిపోతాయి. వంకాయ కూర తింటూ "ఇందులో ఉప్పు కనపడాలంటే భూతద్దం కావాలి" అని బాబాయి అంటే, "మీ కళ్లజోడు వెతకడానికే అరగంట పట్టింది బాబాయ్, ఉప్పెలా కనపడుతుంది? ఇదుగో, ఈ పప్పు కూడా వేసుకోండి" అనవచ్చు. సంక్రాంతి మాట అన్న సహోద్యోగితో, "వస్తే మంచిదే కదండీ, పోయిన పండక్కి తెస్తానన్న అరిసెలు అప్పుడైనా తెస్తారు. రిపోర్టు మూడింటికి పంపుతాను" అనవచ్చు. రెండింటిలోనూ చివరి వాక్యం మామూలు మాట అని గమనించండి. అది లేకపోతే అవతలి మనిషికి తిరిగి అనడం తప్ప వేరే దారి ఉండదు.

ఇప్పుడు ఏం జరిగిందో పుస్తకంలో రాయండి. నవ్వితే, మీ సమస్య సగం తీరినట్టే, ఇకమీదట మీరు బదులు చెబుతూ ఉంటే సరిపోతుంది. ముఖం మాడితే మరొక్కసారి, వేరే రోజు, వేరే విషయంతో చూడండి. మూడోసారి వద్దు, అప్పటికి విషయం తేలిపోతుంది. ఆ తరవాత చేసేది పరీక్ష అనిపించుకోదు, సాధింపు అవుతుంది.

హెచ్చరికలు: ఆ మనిషి పిల్లల ముందు, అత్తవారి ముందు, కింది ఉద్యోగుల ముందు ఈ పరీక్ష చేయకండి. మందు తాగి ఉన్నప్పుడు అసలే వద్దు. వరస కూడా చూసుకోండి. బావలు, మరదళ్లు, వదినలు, మేనమామలతో పరాచికాలాడే చనువు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది కానీ, పెదనాన్నతోనో అత్తగారితోనో అదే మాట అంటే పొగరు కింద జమవుతుంది. అటువంటి చోట తిరుగు పరాచికానికి బదులు ప్రశ్న వేయండి: "అత్తయ్యా, కూర బాగాలేదంటే చెప్పండి, రేపు మీరు చెప్పినట్టు చేస్తాను. ఏం తక్కువైంది?" ఎగతాళిని ప్రశ్నగా మార్చి తిరిగి ఇస్తే దాన్ని పట్టుకోవడం కష్టం. నిజంగా చెప్పాల్సింది ఉన్నవారు చెబుతారు, లేనివారు విషయం మారుస్తారు.

మెట్టు 5: మాట పడిన క్షణంలో ఏం చేయాలి

మొదట మర్యాద నవ్వు మానండి. మనలో చాలామంది బాధపడుతూనే నవ్వుతారు, ఆ నవ్వు అవతలి మనిషికి రశీదు ఇచ్చినట్టే. కోపం చూపనక్కర్లేదు. నవ్వకుండా, రెండు క్షణాలు ముఖంలోకి మామూలుగా చూసి, అప్పుడు మాట్లాడండి. గొంతు తగ్గించి మాట్లాడితే మాట బాగా చేరుతుంది.

ఈ కింది వాక్యాలను మీ వరసకూ మీ యాసకూ తగినట్టు మార్చుకొని, ఇంట్లో ఒకటికి రెండుసార్లు పైకి అని చూసుకోండి.

• బావతో: "ఆ మాట వద్దు బావా. ఇంకేదైనా అను, పడతాను."
• పెద్దవారితో: "పిన్నీ, నా పెళ్లి సంగతి తప్ప ఏదైనా అడుగు, చెబుతాను."
• పై అధికారితో: "సార్, పనిలో తప్పెక్కడుందో చెప్పండి, ఈరోజే సరిచేస్తాను. నా యాస గురించి మాత్రం వద్దండి."
• స్నేహితుడితో: "ఒరేయ్, అది జోకులా లేదురా." ఇంతే చాలు, వివరణ వద్దు.
• ఏమీ తోచనప్పుడు: "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి." ఎగతాళిని రెండోసారి చెప్పవలసి వస్తే చాలామందికి నోరు రాదు.

మొదటి మూడు వాక్యాల్లోనూ ఉన్నది ఒకే ఒక హద్దు, దాని పక్కనే ఒక తెరిచిన దారి. "నన్నేమీ అనకండి" అంటే ఆ మనిషి మిమ్మల్ని కూడా ఉడుక్కునే జాబితాలో వేస్తాడు. "ఇది తప్ప" అంటే వేయలేడు.

మెట్టు 6: విడిగా కూర్చొని మాట్లాడండి

5వ మెట్టు మూడు నాలుగుసార్లు చేసినా మార్పు లేకపోతే, లేదా మనిషి మీకు బాగా దగ్గరివాడు అయితే, విడిగా మాట్లాడాలి. సంఘటన జరిగిన రోజు మాట్లాడకండి, కనీసం ఒక రాత్రి గడవనివ్వండి. అలాగని నెల రోజులు ఆగితే "ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్నావా" అన్న మాట వస్తుంది. ఎదురెదురుగా కూర్చోవడం కంటే పక్కపక్కన నడుస్తూనో, టీ కొట్టు బల్ల మీద కూర్చొనో మాట్లాడడం సులువు, ఎందుకంటే ఇద్దరికీ చూపులు పక్కకు తిప్పుకొనే వీలు ఉంటుంది.

మాట ఎత్తుకొనే ముందు ఒక సంగతి తెలిస్తే మీకు కోపం కొంత తగ్గుతుంది. ఆటపట్టించేవారికి తమ ఉద్దేశం లోపలినుంచి కనపడుతుంది, పడేవారికి బయటికి వచ్చిన మాట మాత్రమే వినపడుతుంది. అందువల్ల అన్నవారు తమ మాటను పడ్డవారికంటే తేలికగా లెక్క వేస్తారని జస్టిన్ క్రూగర్, మరో ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. తన వంతు వచ్చేసరికి ఆ మనిషికి కూడా వినిపించేది మాట మాత్రమే కాబట్టి ఉడుక్కుంటాడు. కనుక ఆ మనిషి ఉద్దేశం గురించి వాదించకండి, మీకు చేరింది ఏమిటో చెప్పండి.

మాటల క్రమం ఇలా ఉంటే మంచిది. మొదట ఒక్క సంఘటన, తేదీతో: "మొన్న ఆదివారం గృహప్రవేశంలో అందరి ముందు నా ఉద్యోగం పోయిన సంగతి ఎత్తి నవ్వావు." తరవాత దాని ఫలితం: "ఆ రోజంతా ప్రతివారూ నన్ను అదే అడిగారు." తరవాత తిరుగు లెక్క, నెమ్మదిగా: "అంతకుముందు నీ కారు సంగతి నేను అంటే నీకు కష్టం కలిగింది, అది నేను చూశాను, మళ్లీ ఎత్తలేదు." చివర రెండు దారులు: "మనమిద్దరం ఒకరినొకరం ఆటపట్టించుకుందామంటే నాకు సమ్మతమే. వద్దంటే ఇద్దరం మానేద్దాం. నీకు ఏది ఇష్టమో చెప్పు." ఇక్కడ ఆగి ఊరుకోండి. ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపకూడదు. ఎక్కువమంది సరిగ్గా ఇక్కడే "ఏం లేదులే, ఊరికే చెప్పాను" అని తమ మాట తామే చెరిపేసుకుంటారు.

వచ్చే జవాబులు దాదాపు ముందే తెలిసినవే.

"సరదాకన్నానండీ, ఫీలయ్యారా?" అంటే, "సరదాకే అన్నారని తెలుసు. నాకు సరదాగా లేదు, అందుకే చెబుతున్నాను" అనండి.

"నీకు జోకులు అర్థం కావు" అంటే, "ఈ ఒక్క జోకు అర్థం కాలేదు, మిగతావాటికి నవ్వుతూనే ఉన్నాను కదా" అనండి.

"నువ్వు మాత్రం అనలేదా?" అంటే 3వ మెట్టులో రాసుకున్న పేజీ అక్కరకొస్తుంది. అని ఉంటే ఒప్పుకోండి: "అన్నాను, తప్పే. ఇద్దరం మానేద్దాం." ఇంతకన్నా త్వరగా పని జరిపించే వాక్యం ఈ వ్యవహారం మొత్తంలో నాకు కనపడలేదు.

లేచి వెళ్లిపోతే వెంట పడకండి. మర్నాడు ఏమీ జరగనట్టు పలకరించండి. ఆ పలకరింపులో క్షమాపణ ఉండకూడదు, కోపమూ ఉండకూడదు, "కాఫీ తాగారా" అంటే చాలు.

విమర్శకుడైతే కొంచెం తేడా

ఆటపట్టించడం కాకుండా ప్రతి పనికీ వంక పెట్టి, తన పని మీద మాట రానివ్వని మనిషితో ఈ క్రమం కొంత మారుతుంది. ఆ మనిషి చెప్పినదానిలో పనికొచ్చే భాగం ఉంటే దాన్ని తీసుకొని, తీసుకున్నానని చెప్పండి: "పట్టికలో రెండో వరస తప్పన్నారు, చూశాను, నిజమే, మార్చాను." విమర్శను ఎలా పుచ్చుకోవాలో మీరు చేసి చూపించినట్టవుతుంది. మీరు ఆ మనిషికి తప్పు చూపించాల్సి వచ్చినప్పుడు నలుగురిలో చెప్పకుండా, విడిగా, వీలైతే రాతలో, ప్రశ్న రూపంలో చూపించండి: "మూడో పేజీలో మొత్తం నాకు 4,200 వస్తోంది, మీకు 4,020 ఉంది. ఎక్కడ పొరబడ్డానో చూస్తారా?" పొరబడింది మీరు కాదని ఇద్దరికీ తెలుసు. పరువు పోకుండా దిద్దుకొనే వీలు ఇచ్చారు కాబట్టి చాలామంది దిద్దుకుంటారు. ఇలా లోబడి అడగడం నాకు ఇష్టం లేదనేవారుంటారు. వారికి రెండో దారి ఉంది: పని మొదలయ్యే ముందే "ఈసారి ఒకరి పని ఒకరం చూసుకొని తప్పులు రాసి ఇచ్చుకుందాం" అని అందరికీ వర్తించే నియమం పెట్టించుకోవడం.

వాట్సాప్ గ్రూపులో జరిగితే

అక్కడ జవాబివ్వకండి. నలభైమంది బంధువులు చూస్తున్న చోట మీరు ఎంత మెత్తగా రాసినా అది పంచాయితీ అవుతుంది. ఆ సందేశం మీద వేలు ఒత్తిపట్టి, విడిగా జవాబిచ్చే వీలును ఎంచుకొని, 5వ మెట్టులోని వాక్యం ఒకటి పంపండి. గ్రూపు చప్పుడును 8 గంటలో, వారమో, శాశ్వతంగానో ఆపుకోవచ్చు. బయటికి వచ్చేస్తే ఇప్పుడు ఆ కబురు నిర్వాహకులకు మాత్రమే చేరుతుంది, అందరికీ చాటింపు వేయదు. అయినా పెళ్లి పనులు నడుస్తున్న గ్రూపులో నుంచి వెళ్లిపోతే మీ మీదనే ఇంకో కథ మొదలవుతుంది కాబట్టి, చప్పుడు ఆపుకోవడమే మంచిది.

సాధారణంగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే పెద్ద పొరపాటు, గాయం ఉన్న చోట కొట్టడం. మీ బట్టతల మీద ఆయన ఒక మాట అన్నందుకు మీరు ఆయన దివాళా తీసిన వ్యాపారం ఎత్తితే, అంతకుముందు పదేళ్లు ఆయన అన్నవన్నీ రద్దయిపోయి మీ ఒక్క మాటే మిగులుతుంది. చుట్టాలందరూ ఆయన పక్కకు చేరతారు, అది వాళ్ల తప్పు కూడా కాదు.

రెండోది, జట్టు కట్టడం. "అందరం కలిసి ఈసారి ఈయనకు బుద్ధి చెబుదాం" అని పండుగ పూట కజిన్లంతా వరసగా వేసుకుంటే, ఆ మనిషి నేర్చుకొనేది మీరంతా శత్రువులని మాత్రమే. ఆ మనిషి ఫొటోతో స్టిక్కరు తయారుచేసి గ్రూపులో వదలడం కూడా దీని కిందికే వస్తుంది. ఒకసారి వదిలిన స్టిక్కరు ఎన్ని ఫోన్లలో దాచుకున్నారో మీకు తెలియదు, తిరిగి తీసుకోవడం మీ చేతుల్లో ఉండదు.

ఇంకా కొన్ని ఉన్నాయి. మీ బదులు భార్యతోనో, అమ్మతోనో చెప్పించడం. "నువ్వెప్పుడూ ఇంతే" అని మొదలుపెట్టడం, దానికి "ఎప్పుడూ" అన్న మాట మీదనే వాదన నడుస్తుంది. నోటుపుస్తకం తీసి ఆ మనిషి ముందు చదవడం, అది మీ కోసం రాసుకున్నది, అభియోగ పత్రం కాదు.

ఫలితం ఎలా చూసుకోవాలి

విడిగా మాట్లాడిన మూడు వారాలకు మళ్లీ రెండు వారాలు రాసుకోండి. మొదటి లెక్క పక్కన ఈ లెక్క పెట్టి చూడండి. సంఖ్య సగానికి తగ్గినా మంచి ఫలితమే, సున్నా కోసం చూడకండి. సంఖ్య అలాగే ఉండి, విషయాలు మారితే కూడా ఫలితం వచ్చినట్టే: మీ ఒంటి రంగు వదిలి మీ స్కూటరు మీద పడ్డాడంటే హద్దు గుర్తించాడని అర్థం. అన్న వెంటనే "సరదాకే సుమా" అని మీ ముఖం చూస్తున్నాడంటే చాలా దూరం వచ్చినట్టు.

ఒక మోసపు ఫలితం కూడా ఉంది. మిమ్మల్ని అనడం పూర్తిగా మానేశాడు, ఇల్లంతా ప్రశాంతంగా ఉంది అనిపించినప్పుడు, ఆ మాటలు ఎటు వెళ్లాయో చూడండి. కొత్తగా చేరిన కుర్రాడి మీదకో, పెళ్లయి వచ్చిన కోడలి మీదకో, ఇంట్లో అందరికంటే మెత్తగా ఉండే పిల్లాడి మీదకో మళ్లి ఉండవచ్చు. అలా జరిగితే పని పూర్తి కాలేదు. అప్పుడు మీరు చేయగలిగింది, ఆ పక్కన కూర్చొని, ఆ మాటకు నవ్వకుండా ఉండి, "ఆ మాట వద్దు బావా" అన్న వాక్యాన్నే ఈసారి వాళ్ల తరఫున అనడం.

రెండు నెలలు గడిచినా ఏమీ మారకపోతే దూరం సర్దుకోండి. తెగతెంపులు చేసుకోనక్కర్లేదు. బంతి భోజనంలో పక్క వరసలో కూర్చోండి, రెండు రోజుల ప్రయాణాన్ని ఒక పూటకు తగ్గించండి, మీ సొంత సంగతులు ఆ మనిషికి చేరకుండా చూసుకోండి. చెప్పని సంగతి మీద ఎవరూ జోకు వేయలేరు. మాటల వల్ల నిద్ర పట్టకపోవడం, పనికి వెళ్లాలంటే గుండె దడ వంటివి ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మీ పుస్తకంలో తేలిన మనిషి మీరే అయితే

ఇది అడిగేవారు తక్కువ, అడిగినవారి మీద నాకు గౌరవం ఎక్కువ. వారికి మూడు పనులు చెబుతాను. మొదటిది, మీ మీద ఏ విషయంలో మాట అనవచ్చో మీరే ముందుగా ప్రకటించండి: "నా డ్రైవింగ్ గురించి ఎంతైనా అనండి, మా నాన్న గురించి మాత్రం వద్దు." రెండోది, ఎవరినైనా ఆటపట్టించే ముందు అదే మాట అదే గొంతుతో ఆ మనిషి మీకు అన్నట్టు ఊహించుకోండి. ముఖం వేడెక్కితే మింగేయండి. మూడోది, ఎవరైనా మిమ్మల్ని అన్నప్పుడు మొదటి పది క్షణాలు నోరు తెరవకుండా చేతిలో ఉన్న పని కొనసాగించండి, గ్లాసులో నీళ్లుంటే తాగండి. ఆ తరవాత "నిజమేరా" అని ఒక్క మాట అని ఊరుకోండి. మొదటిసారి అది గొంతుకు అడ్డం పడుతుంది. నా మిత్రుడు చేతిరాత సంగతి ఇప్పటికీ ఎత్తుతూనే ఉన్నాడు, మొన్న ఎత్తినప్పుడు "నిజమే, మందుల షాపువాడు కూడా చదవలేకపోయాడు" అన్నాను. అతను "ఆయ్" అన్నాడు, టిఫినుకు ఇద్దరం కలిసే వెళ్లాం.